మైనస్ కింద చుక్క

పదకొండో పేపరు తిప్పేసరికి త్రినాథ్ చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది.

పదో పేపరు మళ్లీ తీశాడు. తొమ్మిది తీశాడు. ఎనిమిది తీశాడు. అదే లెక్క, అదే ఎత్తుగడ. మొదటి వాక్యమైతే అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

"మొదటి బిందువును ఇంటికి తెచ్చుకుందాం."

ఇదేం మాటండీ! ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల పరీక్షలో, ఏడు మార్కుల ప్రశ్నకి జవాబు ఇలాగా మొదలుపెట్టేది? ఏ పుస్తకంలో ఉందిది? ఒకడు రాశాడంటే పిల్లకాయ చేష్ట అనుకోవచ్చు. పదకొండు మంది రాశారు. త్రినాథ్ గబగబా మిగిలిన నాలుగూ తిరగేశాడు. వాటిలోనూ అంతే. కట్టలో ఉన్న పదిహేను పేపర్లూ ఆ బిందువుని ఇంటికి తెచ్చుకున్నవే.

అది పేపర్లు దిద్దే క్యాంపు. ఏటా పరీక్షలు అవగానే లెక్చరర్లందర్నీ ఒక కాలేజీలో కూర్చోబెట్టి, పూటకి పదిహేను పేపర్ల కట్ట చొప్పున చేతిలో పెడతారు. పేపరు మీద పేరుండదు, నంబరుండదు. ఆ ముక్క చింపేసి ఏదో కోడ్ వేస్తారు. ఎవరి పిల్లలో, ఏ ఊరి పిల్లలో దిద్దేవాడికి తెలీదు. ఒక కట్టలోవన్నీ ఒకే పరీక్ష సెంటరువన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఆ ఏడు లెక్కల వాళ్లకి కెమిస్ట్రీ ల్యాబు ఇచ్చారు. బల్లల మీద పేపర్లు, బల్లల మధ్య నీళ్లు రాని కుళాయిలు, పైన గోలపెట్టే ఫ్యాన్లు. ఏప్రిల్ ఎండకి కిటికీ ఊచలు ముట్టుకుంటే కాలేటట్టున్నాయి.

త్రినాథ్‌కి ఇదే మొదటి క్యాంపు. విశాఖపట్నంలో పెద్ద కాలేజీలో చెబుతాడు. మంచి చురుకైనవాడు, కాదనలేం. కాకపోతే ఆ సంగతి మనకంటే వాడికే బాగా తెలుసు. "నా క్లాసులో గోడలకి కూడా లెక్కలొస్తాయి" అని స్టాఫ్ రూములో అంటుంటాడు. పొద్దున్న తొమ్మిదిన్నరకి కట్ట చేతికిస్తే, పక్క బల్ల జగ్గారావు గారు కళ్లజోడు తుడుచుకునేలోపు రెండు పేపర్లు దిద్దేశాడు.

లెక్కేమో సులువుదే. మూడు బిందువులిచ్చి, వాటి గుండా పోయే వృత్తానికి సమీకరణం కట్టమన్నారు. పుస్తకంలో ఉన్న దారి చాంతాడంత. మూడు తెలియని సంఖ్యలు పెట్టుకుని, మూడు సమీకరణాలు రాసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసుకుంటూ పేజీన్నర నడవాలి. క్యాంపు వాళ్లిచ్చిన 'కీ' కూడా అదే దారి. ఏ మెట్టుకి ఎన్ని మార్కులో పక్కన రాసుంటుంది.

ఈ పదిహేను మందీ ఆ దారి తొక్కలేదు. మొదటి బిందువుని తీసుకెళ్లి సున్నా, సున్నా దగ్గర కూర్చోబెట్టారు. మిగతా రెండింటినీ అంతే దూరం జరిపారు. దాంతో తెలియని సంఖ్యల్లో ఒకటి దానంతటదే ఎగిరిపోయింది. మిగిలిన రెండూ రెండేసి లైన్లలో తేలిపోయాయి. చివర, "ఇప్పుడు ఎవరి ఊరికి వాళ్లను పంపిద్దాం" అని రాసి, అన్నింటినీ వెనక్కి జరిపారు. అరపేజీ. అయిపోయింది.

తప్పు కాదు. త్రినాథ్ రెండుసార్లు చూశాడు, పద్ధతిలో ఎక్కడా తప్పులేదు. అందులో ఉన్న ముక్కలన్నీ వాడికి తెలిసినవే. పదేళ్లుగా చెబుతున్నవే. కానీ ఈ లెక్కకి ఆ ముక్క ఇలా అతికించొచ్చని పదేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

అక్కడ గుచ్చుకుంది. లెక్కల మాస్టరుకి తనకి తట్టనిది ఇంకొకళ్లకి తడితే ఓ పట్టాన అరగదు. అందులోనూ ఈ చేతిరాతలు చూడబోతే కొక్కిరిబిక్కిరి, ముందు ప్రశ్నలు చూడబోతే అత్తెసరు. సగం మందికి ముప్పై దాటేలా లేవు. అలాంటి వాళ్లకి తనకి తట్టనిది తట్టిందా? అదీ పదిహేను మందికీ ఒకేసారి, ఒకే మాటలతో?

"ఎవడో బయటినుంచి చీటీ పంపించాడు. ఇన్విజిలేటరు కళ్లు మూసుకున్నాడు" అని తేల్చేశాడు.

కాపీ కేసు రాసే ఫారం ఒకటుంటుంది. అది తెచ్చుకుని, పదిహేను కోడ్‌లూ వరసగా ఎక్కించాడు. ఆ ఫారం పైకి వెళ్లిందంటే పదిహేను మంది ఫలితాలు ఆపేస్తారు. విచారణ అంటారు, పిలుస్తారు, పంపిస్తారు. ఈలోపు పై చదువుల సీట్లు నిండిపోతాయి. ఏడాది గోవిందా. త్రినాథ్‌కి ఆ సంగతి తెలీక కాదు. తప్పు చేసినప్పుడు తెలియాలి కదా అనుకున్నాడు.

ఫారం మీద చీఫ్ ఎగ్జామినర్ సంతకం కావాలి. ఆ గదికి చీఫ్ గేదెల అప్పలస్వామి మాస్టారు.

మాస్టారు ఆ ఏడు రిటైరవుతున్నారు. ముప్పయ్యో క్యాంపో, ముప్పై ఒకటో, ఆయనకే గుర్తులేదు. పార్వతీపురం ప్రభుత్వ కాలేజీలో త్రినాథ్‌కి ఇంటర్ రెండేళ్లూ లెక్కలు చెప్పింది ఆయనే. మనిషి మాట్లాడ్డం తక్కువ. బోర్డు మీద కూడా అవసరమైనంతే రాసేవారు. పొద్దున్న త్రినాథ్ కాళ్లకి దండం పెట్టబోతే, "ఇక్కడ వద్దురా, అందరూ చూస్తన్నారు" అని కాళ్లు స్టూలు కిందకి లాగేసుకున్నారు.

త్రినాథ్ ఫారమూ కట్టా ఆయన ముందు పెట్టాడు.

"మాస్టారూ, మాస్ కాపీ. కట్ట కట్టంతా. మీరు సంతకం పెడితే పంపించేస్తాను."

ఆయన మొదటి పేపరు తీసి చదివారు. రెండోది చదివారు. మూడోదీ నాలుగోదీ చదువుతుంటే ఆయన మూతి ఓ పక్కకి వంగింది. నవ్వో కాదో తెలీదు.

"ఇంటికి తెచ్చుకుందాం, అంటన్నారేటి?"

"అదే కదా మాస్టారూ! అందరూ అదే మాట. పుస్తకంలో లేదు, కీలో లేదు. తల్లిదండ్రులు వేరు, బుర్రలు వేరు, అందరికీ ఒకే మాట ఎలా వస్తుందండీ? ఒకడు చెప్పాడు, పదిహేను మంది దింపారు."

"ఒకడు చెప్పాడంటావు."

"చెప్పకపోతే ఎలా వస్తుంది?"

మాస్టారు ఫారం పక్కన పెట్టారు. సంతకం పెడతారేమో అని త్రినాథ్ పెన్ను అందించాడు. ఆయన అందుకోలేదు. డెస్కులోంచి రెండు తెల్ల కాగితాలు తీసి, ఒకటి వాడి ముందుకి తోశారు.

"ఈ లెక్క నువ్వు చెయ్యి."

"నేనా? ఎందుకండీ?"

"చెయ్యరా. కీలో ఎలాగుందో అలాగే చెయ్యి."

ముప్పై నాలుగేళ్ల మనిషి, ర్యాంకులు పుట్టించే లెక్చరరు, క్యాంపు మధ్యలో కూర్చుని ఇంటర్ లెక్క చేయాలి. త్రినాథ్‌కి చెవులు వేడెక్కాయి. అయినా మాస్టారు చెయ్యమన్నాక చెయ్యక చస్తాడా? మూల స్టూలు లాక్కుని మొదలెట్టాడు. మాస్టారు రెండో కాగితం తీసుకుని, ఆ పక్కకి తిరిగి, ఆయనా ఏదో రాసుకున్నారు.

పేజీన్నర. ఏడు నిమిషాలు. త్రినాథ్ కాగితం ఇచ్చేశాడు. మాస్టారు తన కాగితం కూడా దాని పక్కన పెట్టారు. ఆయన చేసింది కూడా ఆ లెక్కే, ఆ పద్ధతే.

అప్పుడు ఆయన గది అవతలి మూల కూర్చున్న అమ్మాయిని పిలిచారు. ఇందుమతి అని, దిద్దిన పేపర్లలో మార్కులు సరిగ్గా కూడారో లేదో సరిచూసే మనిషి. కొత్తగా వచ్చింది. నోటిలో మాట ఆగదు.

"ఇలా రామ్మా. ఈ రెండు కాగితాలూ చూడు. ఒకదాన్ని చూసి ఇంకోటి రాశారా, ఎవరికి వాళ్లే రాశారా? నీకేమనిపిస్తంది?"

ఇందుమతి రెండూ పట్టుకుని ఫ్యాన్ గాలికి ఎగరకుండా బల్లకి అదిమి చూసింది. అర నిమిషం కూడా పట్టలేదు.

"ఇందులో అనుమానమేముంది సార్? చూసి రాసిందే."

"ఎలా చెప్తన్నావు?"

"ఇదిగో, మైనస్ గుర్తు చూడండి. మైనస్ ఉన్న ప్రతిచోటా దాని కింద చిన్న చుక్క. లోకంలో ఎవరైనా మైనస్ కింద చుక్క పెడతారాండీ? రెండు కాగితాల్లోనూ ఉంది. పోనీ అనుకుందామంటే, ఎడం పక్క మార్జిన్లో చిన్న డబ్బా గీసి, అందులో మూడో బిందువు వేసి సరిచూశారు. రెండింట్లోనూ డబ్బా అక్కడే. జవాబు కింద రెండు గీతలు, రెండోది పొట్టిగా. అదీ ఇద్దరిదీ ఒకటే. లెక్క దింపితే దింపారు, చుక్కలు కూడా దింపేయాలా? వీడెవడో మరీ మొద్దులా ఉన్నాడు సార్." త్రినాథ్ కాగితం ఎత్తి చూపించింది. "కొత్త సిరా ఇది, ఇదే తర్వాత రాసింది. బుక్ చేసేద్దామా?"

"ఉండమ్మా, చూద్దాం. నువ్వెళ్లు."

ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

త్రినాథ్ తన కాగితం వంక చూశాడు. నిజమే. చుక్కలు. ఒకటి కాదు, ఇరవై పైన ఉన్నాయి. ఎప్పుడు పెట్టాడు? పెట్టినట్టే తెలీదు. ఆ డబ్బా ఎప్పుడు గీశాడో అసలు గుర్తులేదు.

"మాస్టారూ, ఇది నేను చూసి రాసింది కాదు. మీరు అటు తిరిగే రాశారు కదా. ఇది... మీరు క్లాసులో నేర్పిన..."

అక్కడికి వచ్చేసరికి వాడి చూపు ఆ పదిహేను పేపర్ల కట్ట మీద పడింది.

మాస్టారు కాపీ కేసు ఫారం తీసి, కోడ్‌ల వరస కింద ఖాళీగా ఉన్న పదహారో గడి మీద వేలు పెట్టి, వాడి ముందుకి జరిపారు. ఆ తర్వాత టీ వచ్చిందని లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

త్రినాథ్ కట్టా ఫారమూ తీసుకుని తన బల్ల దగ్గరికి వచ్చాడు. సిగ్గుతో మొహం ఎత్తలేకపోయాడు. సిగ్గు కంటే ఎక్కువగా భయం వేసింది. మాస్టారు తొందరలో సంతకం పెట్టేసి ఉంటే? ఈపాటికి ఆ కాగితం ఆఫీసులో ఉండేది. పదిహేను ఇళ్లలో ఏడుపులు.

మళ్లీ మొదటి పేపరు తీశాడు. ఈసారి నిదానంగా చదివాడు.

మొదటి పేపరు వాడు బిందువుని బాగానే తెచ్చాడు కానీ, తీసివేతలో మైనస్ మింగేశాడు. రెండో పేపరు అంతా సరిగ్గా ఉంది. మూడోది మొదటి బిందువు వదిలేసి, ఎందుకో మూడో బిందువుని తెచ్చుకుంది. ముందు వాక్యం మటుకు అలవాటు కొద్దీ "మొదటి బిందువు" అనే రాసింది. నాలుగోది అన్నీ చేసి, చివర వెనక్కి పంపడం మరిచిపోయింది. అయిదోది సగంలో కొట్టేసి, మళ్లీ మొదలెట్టి, మళ్లీ కొట్టేసి, మూడోసారికి గట్టెక్కింది. ఎనిమిదోది రెండు మూళ్లు అయిదని రాసి, అక్కణ్ణుంచి ఆ అయిదుతోనే చివరిదాకా తప్పకుండా నడిచింది. పదమూడోది గంట కొట్టేశారేమో, ఒక గుణకారం మధ్యలో ఆగిపోయింది.

ఏ ఇద్దరూ ఒకే చోట తప్పలేదు.

చీటీ చూసి దింపినవాళ్లయితే చీటీలో తప్పున్న చోటే తప్పుతారు, చీటీలో సరిగ్గా ఉన్న చోట సరిగ్గా రాస్తారు. ఇదలా లేదు. అందరూ ఒకే గుమ్మంలోంచి బయల్దేరారు, తర్వాత ఎవరి కాళ్లతో వాళ్లు నడిచారు. ఎవరి కాలు ఎక్కడ జారిందో అక్కడ జారింది. ఇంత సంగతి కళ్ల ముందుంటే, మొదటి వాక్యం చదివి పెన్ను మూసేశాడు తను.

ఎక్కడో ఏ ఊళ్లోనో ఓ మాస్టారో, మేడమో ఉన్నారన్నమాట. తెలియని సంఖ్యలు మూడంటే బెదిరిపోయే పిల్లల్ని చూసి, వీళ్లకి ఎలా దాటించాలా అని కూర్చుని ఆలోచించి ఉంటారు. మూడింటిని రెండు చేసి, సరిపోలేదని ఇల్లు, ఊరు అని పేర్లు పెట్టి, నోటికొచ్చేదాకా చెప్పించి ఉంటారు. ఆ మనిషి ఎవరో త్రినాథ్‌కి ఎప్పటికీ తెలీదు. పేపరు మీద ఊరు పేరు లేదు కదా.

తెల్ల కాగితం తీసుకుని మార్కుల మెట్లు కట్టాడు. బిందువుని సున్నా దగ్గరికి తెస్తే రెండు. సమీకరణం సరిగ్గా పెడితే ఒకటి. రెండు సంఖ్యలూ కడితే రెండు. వెనక్కి పంపితే రెండు. మొత్తం ఏడు. మధ్యలో కూడిక తప్పితే ఒకటి కోత, ఆ తప్పుతోనే సరిగ్గా నడిస్తే ఇంక కోత లేదు. ఇలా రాసుకుని వరండాలోకి వెళ్లాడు. మాస్టారు గోడకి ఆనుకుని టీ తాగుతున్నారు.

"ఈ పద్ధతికి మార్కులు ఇలా వెయ్యొచ్చాండీ?"

ఆయన చదివి, గ్లాసు కిటికీ మీద పెట్టి, కాగితం గోడకి ఆనించి సంతకం పెట్టారు.

"నాలుగో పేపరుకి ఎంతేశావు?"

"అయిదండీ. వెనక్కి పంపలేదు, అంతే."

"ఊఁ."

ఫారం సంగతి ఆయన అడగలేదు. త్రినాథే అక్కడే నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

లోపలికి వస్తూ జగ్గారావు గారి బల్ల దాటుతుంటే కాలు ఆగింది. ఆయన ముందున్న పేపరులో ఆ ప్రశ్న పక్కన ఎర్రగా, గుండ్రంగా పెద్ద సున్నా. దాని కింద అదే వాక్యం. ఇంటికి తెచ్చుకుందాం.

"మీకూ వచ్చాయా ఇవి?" అన్నాడు త్రినాథ్.

"ఆఁ, ఏవో తిక్కతిక్కగా రాశారయ్యా. కీలో ముక్క ఒక్కటీ లేదు. ఆరు పేపర్లకి సున్నాలేశాను. ఆ వెనక బల్లావిడకి కూడా వచ్చాయట."

ఆ సెంటరు పేపర్లు ఒక కట్ట కాదు, నాలుగైదు కట్టలన్నమాట. తను ఒక కట్టని కాపాడి కూర్చుంటే, గదిలో తతిమ్మా బల్లల మీద సున్నాలు పడుతూనే ఉంటాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నీ లెక్క కట్టేసి తీసుకుపోతారు. అప్పుడు పన్నెండూ పది.

త్రినాథ్‌కి అడుగు ముందుకి పడలేదు. పొద్దున్న టిఫిన్ల దగ్గర ఇదే గదిలో వాళ్లకి తన ర్యాంకుల గొప్పలన్నీ చెప్పుకున్నాడు మరి. ఇప్పుడు వాళ్ల ముందే నిలబడి, అత్తెసరు మార్కుల పిల్లలు చేసిన లెక్క తనకి తెలీదని ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా చెప్పే ఉపాయమేదైనా ఉందా అని కూడా వెతికాడు. లేదు.

సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాడు.

"అందరూ ఒక్క అయిదు నిమిషాలు పెన్నులు ఆపండి, దయచేసి. వృత్తం లెక్కకి కీలో లేని పద్ధతి ఒకటి వస్తోంది. అది రైటు. చీఫ్ గారు సంతకం కూడా పెట్టారు. ఎలాగో చేసి చూపిస్తాను."

నలభై మందీ తలలెత్తారు. త్రినాథ్ మొదటి బిందువుని సున్నా దగ్గరికి తెచ్చాడు. మిగతావాటిని జరిపాడు. పిల్లలు రాసిన మాటలే పైకి చదువుతూ, ఒక్కో మెట్టుకీ పక్కన మార్కు వేసుకుంటూ, అన్నింటినీ వెనక్కి పంపి, జవాబు కింద గీత గీశాడు.

"బావుందే!" అని ఎవరో అన్నారు.

"బానే ఉంది గానీ, నీకెవరు చెప్పారయ్యా ఇది?" అన్నారు జగ్గారావు గారు. "మీ కాలేజీలో ఇలాగే చెప్తారా?"

"లేదండి. ఇవాళ పొద్దున్న పదింటిదాకా నాకూ తెలీదు. ఈ పిల్లల దగ్గరే నేర్చుకున్నాను."

జగ్గారావు గారు కట్ట విప్పి, మొదటి సున్నాని అడ్డంగా కొట్టేసి, పక్కన ఆరు వేసి, పొట్టి సంతకం చేశారు. వెనక బల్లావిడ కూడా కట్ట విప్పింది. కిటికీ పక్కన ఇంకో ఇద్దరు విప్పారు.

త్రినాథ్‌కి కళ్లు చెమర్చాయి. సుద్దపొడి అన్నట్టు మొహం తుడుచుకుని, డస్టరు తీసుకుని బోర్డు చెరపబోయాడు.

"ఉండరా, ఉండు! అప్పుడే చెరపకు."

గది చివర్నుంచి వచ్చిందా గొంతు. అప్పలస్వామి మాస్టారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, స్టూలు మీద ముందుకి వంగి, ఒళ్లో అట్ట పెట్టుకుని గబగబా రాసుకుంటున్నారు. నలభై మందీ వెనక్కి తిరిగి చూశారు.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?"

"కనబడట్లేదేటి? కాపీ కొడతన్నాను," అన్నారాయన తలెత్తకుండానే. "కాస్త పక్కకి జరుగు."